చిన్న గది, తక్కువ వాల్యూమ్, మూడు పాత రిసీవర్లు

"ఆఫీసు గదిలో పెట్టుకుంటా అన్నా. పాటలు సన్నగా పోతూ ఉండాలి, అంతే" అన్నాడు, నా దగ్గరకి రెండు పాత రిసీవర్లు (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే సెట్లు) తెచ్చినతను. ఆ "సన్నగా" అనే మాటను ఆ రోజే సరిగ్గా పట్టుకుని ఉంటే నాకు మూడు వారాల పని, అతనికి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగిలేవి. పాత స్టీరియోలు బాగుచేసేవాళ్లందరికీ ఉండే జబ్బే నాకూ ఉంది. సెట్టు కనబడగానే మనిషి చెప్పేది చెవికెక్కదు.

అతనికి నలభై దాటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్ వైపు ఫ్లాటు. రెండో బెడ్‌రూమే ఆఫీసు. పది అడుగులకు పదకొండు అడుగులు, గోడకి ఆనించి టేబుల్, దాని మీద మానిటరు, అటూ ఇటూ చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. అమెరికా టైమింగ్స్ కాబట్టి మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటే లేచేసరికి రాత్రి పన్నెండు. పక్క గదిలో భార్యా, ఆరేళ్ల పాపా పడుకుంటారు.

తెచ్చింది రెండు సెట్లు. ఒకటి వాళ్ల నాన్నది, పయనీర్ ఎస్‌ఎక్స్-450. ఆయనది రాజంపేట. కువైట్‌లో పనిచేసి 1970ల చివర్లో ఊరికి వస్తూ తెచ్చారు. మన దగ్గర అప్పట్లో దొరికితే సోనోడైన్, కాస్మిక్ లాంటి దేశీ ఆంప్లిఫయర్లు దొరికేవి. జపాన్ సెట్టు కావాలంటే గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో ఎవరో ఒకరు మోసుకు రావాల్సిందే. రెండోది మరాంట్జ్ 2230. న్యూజెర్సీలో ఉండే బావ ఒక గరాజ్ సేల్‌లో కొని, ఒక సూట్‌కేసు మొత్తం దానికే కేటాయించి తెచ్చాడట. దాదాపు పదిహేను కిలోల బరువు.

మూడోది తర్వాత కథలోకి వస్తుంది.

వాట్ల గొడవ

అతని మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. "పయనీర్ 15 వాట్లు, మరాంట్జ్ 30. రెండింతలు కదా, మరాంట్జే కదా బెటర్?"

ఆ కాలం జపాన్ సెట్ల మీద రాసిన వాట్లను నమ్మొచ్చు. దానికో కారణం ఉంది. అంతకుముందు అమెరికాలో ఎవరికి తోచిన అంకె వాళ్లు అచ్చేసుకునేవాళ్లు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో రూల్ పెట్టింది: రెండు ఛానెళ్లూ ఒకేసారి నడుస్తుండగా, ఫలానా ఫ్రీక్వెన్సీల మధ్య, ఫలానా డిస్టార్షన్ దాటకుండా, ఆగకుండా ఇచ్చే పవరే చెప్పాలి. అది కూడా ముందు మూడో వంతు పవర్ మీద గంటసేపు నడిపి వేడెక్కించాకే కొలవాలి. చాలా సెట్లకు ఆ గంటే అసలు పరీక్ష. మన దగ్గర 1990ల్లో ప్లాస్టిక్ టేప్ రికార్డర్ల మీద కూడా వేల వాట్ల పీఎంపీవో (క్షణకాలం వచ్చే గరిష్ఠ పవర్ అట) అని స్టిక్కర్లు ఉండేవి కదా, దానికి పూర్తిగా ఎదురు. పయనీర్ 15 అంటే 15 ఇస్తుంది.

సరే, అతనికి ఎన్ని వాట్లు కావాలి? అతని స్పీకర్లు 86 డెసిబెల్స్ రకం. అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ వినిపిస్తుంది. కూర్చునే చోటుకి స్పీకరు మూడడుగులే. పని చేసుకుంటూ వినే పాట చెవి దగ్గర సుమారు 65 డెసిబెల్స్. అంటే 86కి ఇరవై తక్కువ, వాటులో నూరో వంతు. పాటలో తబలా దెబ్బ పడినప్పుడు ఇంకో పదిహేను డెసిబెల్స్ పైకి లేచినా వాటులో మూడో వంతు దాటదు. 15 వాట్లే అతనికి నలభై రెట్లు ఎక్కువ.

ఈ లెక్క అతనికి కాగితం మీద వేసి మరీ చూపించాను. చూపించి, మరాంట్జే పెట్టమన్నాను!

ఎందుకంటే అది మరాంట్జ్. గైరో టచ్ అని ట్యూనింగ్ చక్రం అడ్డంగా ఉంటుంది, వేలితో తోస్తే బరువుగా, నూనెలో తిరిగినట్టు తిరుగుతుంది. బేస్, ట్రెబుల్‌తో పాటు మిడ్ కంట్రోల్ కూడా ఉంది. డయల్ నీలంగా వెలుగుతుంది. పేరు అమెరికాదే అయినా కంపెనీ 1964లోనే సూపర్‌స్కోప్ చేతికి వెళ్లింది, ఈ సెట్లు తయారైంది జపాన్‌లో. పనితనం చూస్తే చెయ్యి ఊరుకోదు. వీడియో కాల్‌లో వెనక నీలం లైటు కనబడాలని అతనికీ మనసులో ఉంది. ఇద్దరికీ నచ్చింది కాబట్టి ఇద్దరం కలిసి తప్పు చేశాం.

బెంచి మీద

యాభై ఏళ్ల సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. నా దగ్గర సీరీస్ లాంప్ బోర్డు ఉంది. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సెట్టుకి సీరీస్‌లో వస్తుంది. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి సన్నబడుతుంది. రెండు సెట్లకీ సన్నబడింది.

మరాంట్జ్‌లో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ మార్చాను. ఈ మోడల్‌లో స్పీకరుకి పోయే దారిలోనే పెద్ద కండెన్సర్ ఉంటుంది. పాత పద్ధతి అని కొందరు చిన్నచూపు చూస్తారు కానీ, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయినా డీసీ స్పీకర్లోకి పోకుండా అదే కాపాడుతుంది. డయల్ బల్బుల వేడికి వెనక కాగితం గోధుమరంగుకి మాడింది, అదీ మార్చాను. ఎల్‌ఈడీలు పెడితే వేడి ఉండదు. కానీ మరీ తెల్లటివి పెడితే ఆ నీలం ఆసుపత్రి లైటులా ఉంటుంది, వెచ్చటి రంగు ఎల్‌ఈడీలే కొనాలి.

పయనీర్‌లో ఎడమ ఛానెల్‌లో వాన చినుకుల్లా టపటప చప్పుడు. ఆ కాలం పయనీర్లు విప్పినవాళ్లకి 2ఎస్‌ఏ726 అనే చిన్న ట్రాన్సిస్టర్ బాగా తెలుసు. వయసు మీద పడితే ఇలాగే గోల చేస్తుంది. దాని బదులు కేఎస్‌ఏ992 వేస్తాం, కాళ్ల వరస చూసుకుని. కోఠి గుజరాతీ గల్లీలో ఒక కొట్లో అదే అని ఇచ్చినవి తెచ్చి వేశాను. టపటప పోయి ఉస్సు మొదలైంది. టెస్టర్లో పెట్టి చూస్తే గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క, పది ముక్కలకి పది రకాలు. పైన పేరు అచ్చు గుద్దినంత మాత్రాన లోపల సరుకు అదే అవదు. వారం పోయాక బెంగుళూరు నుంచి తెప్పించిన అసలువి వేస్తే నిశ్శబ్దం. అప్పటినుంచి ఏ ట్రాన్సిస్టరూ కొలవకుండా బోర్డెక్కించడం లేదు.

రెండు సెట్ల స్విచ్చులు, కంట్రోళ్లు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగాను. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం కొట్టకండి. ఆ రోజుకి కరకర పోతుంది, తర్వాత జిడ్డుకి దుమ్ము పట్టి మొదటికంటే ఎక్కువ కరకరలాడుతుంది.

ఇక కరెంటు. పయనీర్ గల్ఫ్ సెట్టు, వెనకే వోల్టేజ్ సెలెక్టర్ ఉంది. 220 దగ్గర ఉన్నదాన్ని 240కి తిప్పాను. మన లైన్లకి అదే క్షేమం. మరాంట్జ్ వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఒక్కటే రాసి ఉంది. 230ని 110 చేసే స్టెప్‌డౌన్ కొనిపించాను. 120 ఇచ్చేది కాకుండా 110 ఇచ్చేదే ఎందుకంటే, 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద నడిస్తే, అదే వోల్టేజికి దాని లోపలి ఇనుప కోర్ మీద భారం అయిదో వంతు పెరుగుతుంది. వోల్టేజి కాస్త తగ్గిస్తే ఆ భారం కాస్త తగ్గుతుంది.

బెంచి మీద రెండు రోజులు పాడించాను. పైన ఫ్యాను, బయట ఆటోలు, పక్క షాపులో గ్రైండరు. అద్భుతంగా ఉంది అనుకున్నాను.

రాత్రి పదకొండుకి ఆ గదిలో

మూడో రోజు రాత్రి ఫోను. "అన్నా, కుంయ్‌మని ఒకటే మోత. పాట కూడా ఎడమ పక్కకే పోతోంది."

మర్నాడు పగలు వస్తానన్నాను. "పగలు అంతగా ఉండదన్నా, రాత్రే" అన్నాడు. అది విన్నాక పగలు వెళ్లి లాభం లేదనిపించి ఆ రాత్రే వెళ్లాను.

గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. మోత స్పీకర్లలోంచి కాదు, టేబుల్ కింద నుంచి. స్టెప్‌డౌన్ ఒకటి, దాంతో శ్రుతి కలిపి మరాంట్జ్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొకటి. టేబుల్ చెక్క ఆ మోతని వీణ బుర్రలా పెంచుతోంది. మల్టీమీటర్ పెడితే లైన్ వోల్టేజి 244. నా షాపులో పగలు 222. రాత్రి ఊరంతా ఏసీలు, మోటార్లు కట్టేశాక లైను పైకి లేస్తుంది. 244కి స్టెప్‌డౌన్ ఇచ్చేది 117. నేను తగ్గించాననుకున్న భారం మొత్తం రాత్రి తొమ్మిది దాటాక తిరిగొస్తోంది. పైగా ఆ టైముకి గదిలో చప్పుడంటూ ఏదీ లేదు.

ఇంకోటి కూడా బయటపడింది. మేం చూస్తుండగానే రెండు నిమిషాలు కరెంటు పోయింది. ఇంట్లో ఉన్నది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దాని మీద మరాంట్జ్ తుమ్మెదల గూడు కదిపినట్టు మోగింది. ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ పాత సెట్టుకైనా స్క్వేర్ వేవ్ పడదు. ఇన్వర్టర్ సైన్ వేవ్ అయినా కావాలి, కరెంటు పోయినప్పుడు సెట్టు కట్టెయ్యడమైనా చెయ్యాలి.

పాట ఎడమకి పోవడం మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ తప్పు కాదు. వాల్యూమ్ నాబ్ చూశాను. గడియారం ముల్లులా చెప్పాలంటే ఏడు దగ్గర మొదలు, అతను వింటున్నది ఎనిమిదికి కూడా చేరలేదు. వెంట్రుకవాసి కదిపితే పాప లేస్తుంది, ఇంకో వెంట్రుక వెనక్కి తిప్పితే కుడి స్పీకరు మాయం.

మొదటి రోజు "సన్నగా" అన్నది ఇదన్నమాట.

సంగతేమిటంటే, 1970ల్లో ఆక్స్‌లోకి (బయటి సెట్లు తగిలించే ఇన్‌పుట్‌లోకి) వచ్చే సిగ్నల్ చిన్నది. ఈ రిసీవర్లు 150 మిల్లీవోల్టులు వస్తే చాలు ఫుల్ పవర్ ఇచ్చేలా కట్టినవి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి తగిలించే యూఎస్‌బీ డాక్ (డీఏసీ, డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె) 2 వోల్టులు పంపుతుంది. పదమూడు రెట్లు. పైగా వాటులో మూడో వంతు చాలే గది. రెండూ కలిసి నాబ్‌ను మొదటి పావు తిప్పులోనే ఇరికించేస్తాయి. వాల్యూమ్ కంట్రోల్ లోపల రెండు ఛానెళ్లకీ రెండు కార్బన్ ట్రాకులు, ఒకే కడ్డీ. నాబ్ నడిమికి వచ్చాక రెండూ అన్నదమ్ముల్లా కలిసే పోతాయి. అడుగున మాత్రం ఎవరి దారి వారిదే. అతి కొత్త కంట్రోల్ వేసినా ఆ చివర కొంత తేడా ఉంటుంది.

లౌడ్‌నెస్ బటన్ కథ కూడా ఇందులోదే. చప్పుడు తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను, కొంతవరకు ట్రెబుల్‌ను వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లో కొలిచి గీసిన గీతలు చూపేది ఇదే. అందుకే సన్నగా విన్నప్పుడు మృదంగం అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. లౌడ్‌నెస్ బటన్ పోయిన బేస్‌ను తిరిగి కలుపుతుంది. మరాంట్జ్, పయనీర్‌లలో అది వాల్యూమ్ కంట్రోల్‌కే తగిలించి ఉంటుంది కాబట్టి, నాబ్ ఎంత కిందుంటే అంత బేస్ కలుపుతుంది. రెండు వోల్టుల సోర్సుతో నాబ్ ఎప్పుడూ అడుగునే. పాట వినే పాటి చప్పుడులో ఉన్నా సెట్టు "చాలా సన్నగా వింటున్నాడు పాపం" అనుకుని బేస్ కుమ్మరిస్తుంది. బటన్ నొక్కితే డప్పు, తీస్తే అట్టపెట్టె.

పయనీర్‌కి రెండు రెసిస్టర్లు

మర్నాడు పయనీర్ తీసుకెళ్లాను. స్టెప్‌డౌన్ లేదు కాబట్టి మోత లేదు. నాబ్ సమస్య మాత్రం ఇందులో ఇంకా ఎక్కువ. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, నాబ్ అతను వినే చోట ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచాను. (400 ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర అబద్ధాలు చెబుతాయి.) ఎడమ 62 మిల్లీవోల్టులు, కుడి 41. మూడున్నర డెసిబెల్స్ పైమాటే. ముందురోజు రాత్రి మరాంట్జ్‌లో 55, 44.

దీనికి మందు చవకైనదే. ఒక్కో ఛానెల్‌కి 10 కిలో ఓమ్ రెసిస్టర్ దారిలో, 1 కిలో ఓమ్ గ్రౌండుకి. డాక్ నుంచి వచ్చే సిగ్నల్ పదకొండో వంతు అవుతుంది, అంటే ఇరవై డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న డబ్బాలో సోల్డర్ చేసి ఆర్‌సీఏ వైరు మధ్యలో పెట్టాను. నాబ్ ఎనిమిది నుంచి పది దాటింది. ఛానెళ్ల తేడా డెసిబెల్‌కి దిగింది. లౌడ్‌నెస్ బటన్ కూడా మనిషిలా ప్రవర్తించడం మొదలెట్టింది. ల్యాప్‌టాప్‌లోనే వాల్యూమ్ తగ్గిస్తే సరిపోదా అంటే, పోతుంది. కానీ ఏదో ఒక రోజు అప్‌డేట్ అయ్యాక అది తిరిగి నూరుకి చేరుతుంది, అర్ధరాత్రి నాబ్ సగంలో ఉన్నప్పుడు. రెసిస్టర్లకి అప్‌డేట్లు రావు.

ఇలా పాత సెట్టుని ల్యాప్‌టాప్‌కి కలిపేవాళ్లు ఇంకేం చెయ్యకపోయినా ఈ డబ్బా ఒకటి చేయించుకోండి. మరాంట్జ్‌లో అయితే వెనక ప్రీ ఔట్ (వాల్యూమ్ ఉండే ముందు భాగం నుంచి సిగ్నల్ బయటికొచ్చే చోటు), మెయిన్ ఇన్ (పవర్ భాగంలోకి పోయే చోటు) అని విడిగా ఉంటాయి, ఆ రెండిటి మధ్యే ఇదే డబ్బా పెట్టొచ్చు. అప్పుడు నాబ్ కూడా పైకి లేస్తుంది, ప్రీ ఆంప్లిఫయర్ ఉస్సు కూడా తగ్గుతుంది.

అక్కడితో ఆపేసి పయనీరే ఉంచమని చెప్పి ఉండొచ్చు. నిజానికి చెప్పాను కూడా. కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నారు. అతని నాన్న, పెద్దాయన, తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నారు. "ఈడ పెట్టేస్తే నేనెప్పుడు వినేది నాయనా? వీడు తలుపేసుకొని ఆపీసంటాడు" అన్నారు. ఆ సెట్టు నలభై ఏళ్లుగా పొద్దున ఆయన కాఫీతో పాటు మోగుతోందట. ఇది మీటరుకి అందే విషయం కాదు. కానీ కేసు రాసేటప్పుడు వదిలెయ్యడానికీ లేదు.

యమహా

ఇక్కడ ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. మూడో సెట్టు నాది. యమహా సీఆర్-620, 35 వాట్లు, యూరప్‌కి చేసిన మోడల్, రెండేళ్లుగా నా షెల్ఫులో ఉంది. నా సరుకు నేనే అమ్ముకోవడానికి కథ అల్లానని ఎవరైనా అంటే తప్పుపట్టను. అందుకే డబ్బుల మాట ఎత్తకుండా పది రోజులు ఊరికే ఇచ్చాను. నచ్చకపోతే తెచ్చెయ్యమన్నాను.

అది ఎందుకు తోచిందంటే, దాని ముందు లౌడ్‌నెస్ బటన్ ఉండదు, నాబ్ ఉంటుంది. వాడే పద్ధతి కూడా వేరు. ముందు ఆ నాబ్‌ని ఫ్లాట్‌లో పెట్టి, మీరు ఎప్పుడైనా గట్టిగా వినాలనుకుంటే ఎంత వింటారో అంతకి వాల్యూమ్ పెంచాలి. ఆ తర్వాత వాల్యూమ్ జోలికి వెళ్లొద్దు. సన్నగా కావాలంటే లౌడ్‌నెస్ నాబ్‌ని వెనక్కి తిప్పాలి. అది బేస్ కలపదు, మధ్య స్వరాల్ని తగ్గిస్తూ పోతుంది. చప్పుడు మొత్తం దిగుతుంది, బేస్, పైస్వరాలు మాత్రం చెవి వదిలేసేటంత మేరకు నిలబడతాయి. వాల్యూమ్ నాబ్ మాత్రం పైన ఎక్కడో, రెండు ట్రాకులూ కలిసి నడిచే చోట ఉండిపోతుంది.

సన్నగా వినే మనిషికి కావలసిన రెండు పనులూ ఒక్క నాబ్‌లో అయిపోతున్నాయి. యాభై ఏళ్ల కింద వాళ్లెవరూ ల్యాప్‌టాప్ గురించి ఆలోచించి పెట్టింది కాదది. అపార్టుమెంట్లలో వినే మనుషుల గురించి ఆలోచించి ఉంటారు.

అదే టోన్, అదే స్పీకర్లు, అదే టైము, అదే కుర్చీ. వాల్యూమ్ పదిన్నర దగ్గర, లౌడ్‌నెస్ దాదాపు చివరికి. ఎడమ 58, కుడి 55. అర డెసిబెల్ కూడా లేదు. డబ్బా పెట్టకుండానే. తర్వాత డబ్బా కూడా పెట్టాం, అది వేరే సంగతి. రాత్రి పదకొండున్నరకి టేబుల్‌కి చెవి ఆనించి విన్నాను. వెనక సెలెక్టర్ 240లో ఉంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ సడి లేదు.

అతను ఒక వేణువు కచేరీ పెట్టాడు. పక్కన తంబురా ఉన్నట్టు మరాంట్జ్‌లో వినబడలేదట. నేను వెనక నిలబడి చూస్తుంటే అతను మాట్లాడుతూనే మెయిల్ టైపు చేస్తున్నాడు, మధ్యలో ఒక్కసారి కూడా నాబ్ ముట్టుకోలేదు. ముందు రాత్రి పది నిమిషాల్లో ఎనిమిది సార్లు ముట్టుకున్నాడు, లెక్కపెట్టాను.

ఎఫ్ఎం విషయంలో కూడా తేడా కనబడింది. స్టేషన్లు పైస్వరాలను పెంచి పంపుతాయి, రిసీవర్ వాటిని తిరిగి తగ్గిస్తుంది. ఆ లెక్క అమెరికాలో 75 మైక్రోసెకండ్లు, యూరప్‌లో, మన దగ్గర 50. అమెరికా మరాంట్జ్ మన స్టేషన్ల పైస్వరాలను అవసరానికి మించి మూడున్నర డెసిబెల్స్ దాకా తగ్గించేస్తుంది. గొంతులకి దుప్పటి కప్పినట్టుంటుంది. బోర్డు మీద ఛానెల్‌కో కండెన్సర్ మారిస్తే సరిపోతుంది కానీ, అది ఎవరికీ తోచక "పాత ట్యూనర్లింతే" అనుకుంటారు. ఏఎం సంగతి మర్చిపోవచ్చు. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మానిటరు, చార్జరు పక్కన గరగర తప్ప ఏం రాదు.

మధ్యలో అతని ఫ్రెండ్ ఒకరు జపాన్ నుంచి ఇంకో సెట్టు పంపిస్తానన్నాడు. వద్దన్నాను. జపాన్ లోపల అమ్మినవి 100 వోల్టులవి, వాటి ఎఫ్ఎం డయల్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతుంది. మన స్టేషన్లు అక్కడే మొదలవుతాయి.

టేబుల్ సర్దుడు

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడల్లా యమహాలోనూ సన్నటి జుయ్యిమనే చప్పుడు. చార్జర్ ఒక గోడ సాకెట్లో, సెట్టు ఇంకో గోడ సాకెట్లో. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి మార్చాక ముప్పావు వంతు పోయింది. మిగిలినదానికి డాక్ ముందు యూఎస్‌బీ ఐసొలేటర్ (ల్యాప్‌టాప్ గ్రౌండుని ఆడియో వైపు నుంచి విడదీసేది) పెట్టాం. చప్పుడు పోతుందని ఎర్త్ పిన్ను విరిచేవాళ్లు ఉన్నారు. ఆ పని చెయ్యకండి.

మీటింగులకి ఈ స్పీకర్లు పనికిరావు, అవతలివాళ్లకి వాళ్ల గొంతే తిరిగి వినబడుతుంది. సౌండ్ సెట్టింగుల్లో పాటలు డాక్‌కి, కాల్స్ హెడ్‌సెట్‌కి విడగొట్టాం. కాల్ రాగానే ముందున్న స్పీకర్ స్విచ్ ఆఫ్ చేస్తే చాలు, అంతకంటే నమ్మకమైన మ్యూట్ బటన్ లేదు. ఆఫీసు హెడ్‌సెట్‌ని రిసీవర్ ఫోన్స్ జాక్‌లో పెడదామని అడిగాడు. పాత సెట్లలో ఆ జాక్‌కి వచ్చేది స్పీకర్ లైనే, మధ్యలో వందల ఓమ్‌ల రెసిస్టర్. ఇప్పటి తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లలో చాలావాటికి దాంతో బేస్ ఉబ్బిపోతుంది.

వేడి గురించి రెండు మాటలు. పాట లేకపోయినా ఈ సెట్టు 31 వాట్లు తింటుంది. రోజుకి తొమ్మిది గంటలు, నెలకి పాతిక రోజులు వేసుకుంటే ఏడు యూనిట్లు. బిల్లుకి భయపడక్కర్లేదు, గాలికి భయపడాలి. మొదటి వారమే దాని మీద వైఫై రౌటరు, పైన ఫైళ్లు, ఆ పైన పాప బొమ్మ. అన్నీ తీయించి పైన నాలుగంగుళాలు ఖాళీ ఉంచాను.

పదో రోజు ఫోన్ చేసి "ఎంతన్నా?" అన్నాడు. 32 వేలు చెప్పాను. బేరమాడాడు, రెండు వేలు తగ్గించాను. డబ్బుల్లో చూస్తే చేతిలో ఉన్న పయనీరు, రెండు రెసిస్టర్లతో ముప్పావు పని అయిపోయేదే, ఆ మాట కూడా చెప్పే ఇచ్చాను. మరాంట్జ్ ఇప్పుడు బావ ఇండియా వచ్చినప్పుడు చూసుకునేలా వాళ్ల అత్తగారింట్లో పెద్ద హాల్లో ఉంది. అక్కడ స్పీకర్లు పెద్దవి, రోజంతా టీవీ, కుక్కర్ విజిళ్లు. నాబ్ పదకొండుకి తిప్పుతారు, అప్పుడది మరాంట్జ్‌లానే పాడుతుంది. స్టెప్‌డౌన్ మోత ఎవరికీ వినబడదు.

నెల తర్వాత బయాస్ (పాట లేకపోయినా ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) ఇంకోసారి చూసుకుందామని వెళ్లాను. కొత్త కండెన్సర్లు పడిన సెట్టుకి కొన్నాళ్లు నడిచాక ఒకసారి చూడటం నా అలవాటు. ఆఫీసు గదిలో యమహా వాల్యూమ్ నాబ్ పదిన్నర దగ్గరే ఉంది. పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకున్నాడు.

హాల్లో పయనీర్ మోగుతోంది, వివిధ భారతి. డయల్ మీద ముల్లు 102.8 దగ్గర లేదు, 102 మీద ఉంది. అలైన్‌మెంట్ కాస్త జరిగింది, పది నిమిషాల పని. స్క్రూడ్రైవర్ తీశాను.

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టి చెయ్యి అడ్డం పెట్టారు. "సరిజేయొద్దులే నాయనా. అది యాడ దొరుకుతాదో నాకు తెలుసు."